వెల్లుల్లక్క చేతులు

మా పరిశోధనశాలలో ఆమెను అందరూ వెల్లుల్లక్క అనేవారు. వెల్లుల్లి, వేపగింజలు నూరి, ఆ రసం ఆకులకు పూసి గొంగళిపురుగుల ముందు పెట్టడం ఏళ్ల తరబడి ఆమె పని. వెల్లుల్లి రెబ్బ ఊరికే ఉన్నంతసేపు పెద్దగా వాసన ఉండదు. పంటిగాటు పడి చితికినప్పుడే ఘాటు పుడుతుంది, కొరికినదాన్ని తరమడానికి. రసం పూసిన ఆకు పక్కనే పురుగు పస్తుంటుంది గానీ మూతి పెట్టదు.

భోజనాల గదిలో ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ. "వాసనమ్మా, వాళ్ల తప్పేం లేదు" అని తనే సర్దిచెప్పేది. నేను చేరకముందే నూరే మిషను వచ్చి, ఆమెను పురుగుల పెంపకానికి మార్చారు. అయినా ఆ కుర్చీ నిండలేదు. అందరి మాటా విని, చంటిపిల్ల తల్లిని కదా అని నేనూ దూరంగానే కూర్చునేదాన్ని.

వచ్చే నెల ఆమె రిటైర్మెంట్. తమ్ముడి దగ్గర ఉండిపోవాలని ఆశ. ఆయనేమో ఎప్పుడు వెళ్లినా పిల్లలకి వాసన పడదక్కా అంటూ వరండాలోనే కాఫీ ఇచ్చి పంపేవాడట. ఈసారైనా లోపలికి రమ్మంటాడని చేతులు తోలు లేచేలా తోముకుని, ఆదివారం వెళ్లొచ్చింది. మళ్లీ వరండాయే. మళ్లీ అదే మాట.

సోమవారం నా దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపింది. తన ముక్కు ఎప్పుడో మొద్దుబారిందట.

"నువ్వైతే పాలసీసా కూడా మూడుసార్లు వాసన చూసే రకానివి. చూసి చెప్పు తల్లీ, దాచకు."

వేళ్ల సందుల్లో, గోళ్ల దగ్గర చూశాను. అనుమానం తీరక మళ్లీ చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

మంచి కబురే చెబుతున్నాననుకున్నాను. "ఎప్పుడో పోయిందక్కా. మా పాప చేతులు ఇంతకంటే కంపు."

ఆమె నవ్వలేదు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అయితే వాసన కాదన్నమాట."

మధ్యాహ్నం నా క్యారేజీ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళితే అక్కడ లేదు. వెతుక్కుంటూ వెళ్లాను. నూరే గదిలో మిషను ఆపి ఉంది. గ్లవుజులు మేకుకు వేలాడుతున్నాయి. ఆమె నేల మీద కూర్చుని, పాత రోలు ముందేసుకుని, వట్టి చేతులతో వెల్లుల్లి నూరుతోంది. కళ్లు మండేంత ఘాటు.

అడుగు లోపల పెట్టబోయాను.

"అక్కడే ఆగమ్మా," అంది తలెత్తకుండా. "వాసన."