బ్యాటరీ తీసేసిన డబ్బా

దెయ్యాల కథ మొదలుపెట్టినవాళ్లను మధ్యలోనే ఆపి, "పోప్పా, పోయి పని చూసుకో" అనే రకం నేను. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వచ్చింది, ఏం చేసేది! నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మిషన్ల అదురు కొలిచి, ఏది చెడబోతోందో చెప్పడం నా పని. మా అన్న తిరుప్పూరు పక్కన బట్టలకు రంగులేసే ఒక యూనిట్లో బాయిలర్ చూస్తాడు. దాని పెద్ద ఫ్యాను పక్కనే దినమంతా నిలబడాలి. అంతకు ముందు ఆ పని మా నాయనది. నాయన జబ్బు చేసి ఇంట్లోనే పోయినాడు. ఫ్యానుకూ ఆయన చావుకూ ఏ సంబంధమూ లేదు, ముందే చెప్తున్నా.

ఫ్యాను చప్పుడు మారిందని అన్న పిలిస్తే, ఆయుధ పూజ ముందు రోజు పోయి బేరింగు మీద సెన్సరు బిగించినాను. రీడింగులో చెడ్డేమీ కనబడలేదు.

ఆ సెన్సరులో ఒక స్ఫటికం ఉంటుంది. అదిరితే రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్ని బయటికి తెచ్చే చిన్న సర్క్యూటుకు మారకుండా, ఒకే తీరుగా కరెంటు ఇస్తూ ఉండాలి. నేను వెంట తీసుకుపోయే బ్యాటరీ డబ్బా పని అదే. ఆ కరెంటు పోయేదీ, అదురు సంగతి వచ్చేదీ ఒకే వైరు మీద. డబ్బా ఆగిందా, సెన్సరు మూగదే.

మా వాళ్లకు అన్నం పెట్టేది ఏదైనా ఆయుధమే. పూజనాడు స్పానర్లు, కత్తెర్ల పక్కన నా డబ్బా కూడా పెట్టి, అన్న సందనం, కుంకుమ పూసినాడు. పూజలో పెట్టినదాన్ని ఆ దినం వాడకూడదు. నేనే బ్యాటరీ తీసి సంచిలో వేసుకున్నా. వైర్లు అట్లే ఉండిపోయినాయి. డబ్బా నుంచి వచ్చే అదురును చూపే మీటరు మాత్రం నా చేతిలో ఉంది, దాని బ్యాటరీ వేరే.

హారతి అయినాక మిషన్లన్నీ ఒక తూరి తిప్పడం వాడుక. ఫ్యాను వేసినారు. అన్న దాని పక్కనే నిలబడి పొరి, కడలై, అదే బొరుగులూ పుట్నాలూ పంచుతున్నాడు.

మీటరు మీద అల లేచింది.

పక్క మోటారు రొద అనుకుంటిని. రొద ఒకే తీరుగా ఉంటుంది. ఇది ఫ్యానుతో పాటే పెరుగుతూ, నడుమ నడుమ దెబ్బలు కొడుతూ వచ్చింది. ఏదో విరగబోయే ముందు కొట్టే దెబ్బలవి.

"అన్నా, ఇవతలికి రా!" అని అరిచి ఫ్యాను ఆపే బటన్ దగ్గరికి ఉరికినాను.

సూపర్‌వైజరు అడ్డం వచ్చినాడు. "నిరుత్తాదమ్మా, ఆపొద్దు! పూజ చేసి తిప్పిన మిషన్ను ఆపితే సంవత్సరమంతా దరిద్రం."

"దరిద్రం నాకు రానీ," అని ఆయన్ను పక్కకు తోసి నొక్కినాను.

తిట్టినారు, అందరూ తిట్టినారు. విప్పి చూస్తే బేరింగు పక్కన షాఫ్టు చీలి ఉంది. ఇంకాస్త తిరిగి ఉంటే రెక్కలు రేకును చించుకొని అన్న నిలబడిన చోటికే వచ్చేవి.

తర్వాత బ్యాటరీ లేకుండానే ఆ సెన్సరును స్పానరుతో తట్టి చూసినాను. ఏమీ లేదు. బ్యాటరీ వేసి తట్టితే అల వచ్చింది. తీస్తే మళ్లీ మూగ. సందనం తుడిచి చూసినా, మళ్లీ పూసి చూసినా అంతే. వేరే డబ్బాలు పెట్టి చూసినా బ్యాటరీ లేకుండా అల రాలేదు.

మా అమ్మ మాత్రం, "మీ నాయనే వచ్చి కొడుకును కాపాడుకున్నాడు" అని ఏడ్చింది. సూపర్‌వైజరేమో డబ్బాను సామి పటాల దగ్గర పెట్టుకుంటానని అడిగినాడు. ఇవ్వలేదు. దాంతో నాకు పనుండాదని చెప్పినా.

కరెంటు లేకుండా అల ఎట్లా వచ్చిందో నాకు ఈ పొద్దుకీ తెలీదు. తెలీదని చెప్పేదానికి సిగ్గేమీ లేదు. వచ్చింది నాయనే అయినా సరే, సామే అయినా సరే, ఒక్క మాట. అంతమంది తిడుతుంటే నొక్కిన చెయ్యి నాది.