రాజావారి మనవడు, మా ఇంటి స్పీకర్ ఫోను

మా ఇంట్లో ఫోను మోగితే సందులో అందరూ ఎత్తినట్టే. సూరత్‌లోని గోడాదరాలో మా గది ఆ వరుసలో ఆఖరిది. ముందు మంచం పట్టేంత సందు, దానికి అటువైపు ఇంకో వరుస. బాపు జీవితమంతా సాంచాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. పక్కన నిలబడి అరిస్తే వింటాడు కానీ, ఫోను చెవికి పెట్టుకుంటే ఆయనకు ఏమీ వినపడదు. అందుకని మా ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే, అదీ పూర్తి సౌండులో ఉంటుంది. మా వరుసలో సగం ఇళ్ల సంగతి ఇంతే. నన్ను చూసిపోయిన పెళ్లివాళ్లు ఫోన్ చేసి “పిల్ల జర నలుపు” అన్న మాట నాకంటే ముందు ఎదురింటి అత్త విన్నది. “నీకు వాళ్లొద్దు తియ్యే” అని నేను స్నానం చేసి వచ్చేలోపే తీర్పు కూడా చెప్పేసింది. ఆ తీర్పు మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను.

సాంచాల షెడ్డులో మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడి రొదలో ఎంత అరిచినా ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. పెదాలు చూసి మాట తెలుసుకుంటారు, చేత్తో సైగ చేస్తారు. బాపుకు అన్నం డబ్బా తీసుకుపోయీ పోయీ నాకూ చెల్లెకూ ఆ భాష వచ్చింది. నాకంటే చెల్లెకు బాగా వచ్చింది. గుమ్మంలో నిలబడి, షెడ్డు అవతలి కొసన ఉన్న బాపుకు ఆ రోజు బడిలో జరిగిందంతా చెప్పేది. ఒక్క మాట కూడా నోరు దాటి రాకుండా ఎవరెవరిని టీచర్ కొట్టిందో అంతా ఆయనకు తెలిసిపోయేది.

అమ్మ పోయినప్పుడు చెల్లె చిన్న తరగతుల్లో ఉంది. దాని జడలు, దాని జ్వరాలు, దాని అలకలు అన్నీ నా పాలికే వచ్చాయి. అలాంటి పిల్ల ఎయిర్‌ఫోర్స్ పరీక్ష రాసి, పాసై, విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్లింది. సందు మొగదల దాని ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎదురింటి మామ, అంటే ఆ అత్త భర్త, పరీక్ష రోజు దాన్ని తన బండి మీద తీసుకుపోయినవాడు, ఆ ఫ్లెక్సీ కింద నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ దాని గురించి చెప్పేవాడు. నాకు మాత్రం అది వెళ్లిన రోజు నుంచీ భయమే. నెత్తిమీద విమానం పోతే పైకి చూడడం మానేశాను. మొదటిసారి ఒంటరిగా ఎగిరానని అది ఫోన్లో కేరింతలు కొట్టిన రోజు సందంతా చప్పట్లు కొట్టింది. నాకు అన్నం దిగలేదు.

అప్పుడే రాజావారి మనవడి గొడవ మొదలైంది. ఎక్కడో పాత సంస్థానం, ఇప్పుడు రాజ్యం లేదు, కోట మాత్రం ఉంది. ఆ ఇంటి పిల్లవాడు చెల్లె బ్యాచ్‌లోనే ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాడు. శిక్షణ కేంద్రం గేటు దగ్గర అతని కోసం వచ్చి ఆగిన కారు ఫొటో ఒకటి బయటికి వచ్చింది. కోటలో పూజ ఉందని అతనికి సెలవు ఇచ్చారని, మిగతావాళ్లకు ఇళ్లలో చావులైనా దొరకలేదని ఎవరో రాశారు. ఇక టీవీలకు పండగే. రాజ్యాలు పోయి ఎన్నేళ్లయింది, ఇంకా ఈ మర్యాదలేమిటని ఒకాయన. తరతరాలుగా యుద్ధాలకు మనుషుల్ని పంపిన ఇల్లు అది, ఆ మాత్రం గౌరవం తప్పా అని ఇంకొకాయన. మధ్యలో యాంకరమ్మ ఇద్దరినీ ఎగదోస్తూ ఉండేది.

పర్వత్ పాటియాలో నేను ట్యూషన్ చెప్పే గది కింద చాయ్ బండి ఉంది. అక్కడా ఇదే ముచ్చట. కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే ఒకాయన మాత్రం “రాజా తో రాజా ఛే” అని తేల్చేసి చాయ్ ఊదుకునేవాడు. రాజు రాజేనట. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చి బాపుతో ఆ మాట చెప్తే ఆయన నవ్వాడు.

“మా సేఠ్ కొడుకు గూడ సాంచా నేర్సుకోను వచ్చిండు బిడ్డా. ఆయన నిలబడితే సాంచా మెల్లగ నడిపేటోళ్లం. పోగు తెగితే మేమే ఉరికి అతికేటోళ్లం. జర దినాలకే నేర్సుకున్న అని ఆఫీసుల కూసున్నడు.”

“మరి ఇమానం మెల్లగ నడిపితే పడిపోదా బాపు?” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. “అదే గదా నా భయం. ఆడ పోగు ఎవలు అతుకుతరు?” అన్నాడు. ఆయనకు కూడా భయం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

శిక్షణలో ఉన్నవాళ్ల చేతికి ఫోను ఆదివారం మాత్రమే వస్తుంది. ఆ ఆదివారం సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. ఉక్కకు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సందులో ఆడవాళ్లు చీరలు ఒళ్లో పరుచుకుని జిగురుతో మెరుపు రాళ్లు అంటిస్తున్నారు. బాపు ఎప్పటిలాగే ఫోనును గడప మీద పెట్టాడు.

“టీవీల అంత కారు గురించి, సెలవు గురించే బాపు. అసలుది ఎవ్వలికి తెల్వది,” అంది చెల్లె. గొంతు మండుతున్నట్టుంది. “చెక్‌ల ఫెయిలైతే మా అసొంటోళ్లకు జర ఎక్కువ నేర్పిచ్చి, ఇంకొక్క ఛాన్స్ ఇస్తరు. ఒక్కటే. ఆయనకు మళ్ల మళ్ల ఇచ్చిండ్రు. అదే నేనైతే ఎప్పుడో దించేటోళ్లు.”

చెక్ అంటే పెద్ద మాస్టారు పక్కన కూర్చుని పెట్టే పరీక్ష. అది దాటకపోతే ఇక విమానం ఎక్కనివ్వరు. ఆ మాటలు వింటుంటే సందులో చేతులు ఆగిపోవడం నాకు కనిపించింది. “మెల్లగ మాట్లాడే,” అన్నాను. మా ఫోన్లో మెల్లగా మాట్లాడినా, గట్టిగా మాట్లాడినా ఒకటేనని దానికీ తెలుసు.

“మన గల్లీవోళ్లే గదా అక్కా,” అని నవ్వింది.

తెల్లారేసరికి ఎదురింటి మామ మా కులపోళ్ల గ్రూపులో పెట్టేశాడు. మన గోడాదరా బిడ్డ, మన నేతోళ్ల బిడ్డ, రాజు మనవడి గుట్టు రట్టు చేసింది అని. అది సూరత్ నుంచి భివండికి, అక్కడి నుంచి షోలాపూర్‌కు, సిరిసిల్లకు పోయింది. మధ్యాహ్నానికి టీవీలో కింద ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి: అదే బ్యాచ్‌లో ఉన్న నేత కార్మికుడి కూతురు చెప్పిన నిజం. పేరు లేదు. పేరు దేనికి? ఆ బ్యాచ్‌లో నేత కార్మికుల కూతుళ్లు ఎంతమంది ఉంటారు?

లోపలి సంగతులు బయట మాట్లాడకూడదని వాళ్ల చేత మొదటి రోజే ఒట్టు పెట్టించుకుంటారని చెల్లె చెప్పింది. మాట్లాడినట్టు తెలిస్తే ఇంటికి పంపేస్తారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మామ ఇంట్లోకి పోయాను.

“ఏంది మామా గిట్ల చేసినవ్? దాన్ని ఎల్లగొడ్తే?”

ఆయన మొహం చూస్తే ఇంకేమీ అనబుద్ధి కాలేదు. “మన బిడ్డ ధైర్యం నలుగురికి తెల్వాలె అని పెట్టిన బిడ్డా. తీసేస్త, ఇప్పుడే తీసేస్త,” అని ఫోను నొక్కాడు. తీసేశాడు. అప్పటికే అది ఎన్ని ఊళ్లు దాటిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు కర్రకు ఫోను బిగించుకుని ఒక కుర్ర విలేకరి సందులోకి వచ్చాడు. “పైలట్ బెహెన్ కా ఘర్ కౌన్‌సా హై?” అని, పైలట్ ఇల్లు ఏదని అడిగాడు. ఫ్లెక్సీని అప్పటికే ఎవరో మడిచి అటక మీద పడేశారు. అడగకుండానే అన్నీ చెప్పే మా సందు ఆ రోజు మొత్తం ఒక్క నోటితో “మాలూమ్ నహీ” అంది, తెలియదని. ఎదురింటి అత్త వచ్చి మా తలుపు దగ్గరికి వేసి, దానికి వీపు ఆనించి కూర్చుని రాళ్లు అంటించుకుంది. లోపల నేనూ బాపూ ఫ్యాను కూడా ఆపుకుని కూర్చున్నాం. బాపు చెవికి బయటి మాటలు అందవు. నా మొహం చూసి భయపడుతున్నాడు.

ఆ పై ఆదివారం ఫోను రాలేదు. బాపు స్పీకర్ ఎలా ఆపాలో నాతో చూపించుకుని, ఫోను చెవికి ఆనించుకుని పొద్దంతా కూర్చున్నాడు. మోగని ఫోను. మధ్యమధ్య నా వైపు తిప్పి, “ఏమన్న మాట్లాడుతున్నదా?” అని అడిగేవాడు. లేదు బాపు, ఇంకా చెయ్యలేదు అని చెప్తే మళ్లీ చెవికి పెట్టుకునేవాడు. దాన్ని పంపేశారా, పంపేస్తే రైల్లో ఒక్కతే వస్తుందా, సిగ్గుపడి ఇంటికి రాకుండా ఎటైనా పోతుందా? నా తలలో అన్నీ చెడ్డవే తిరిగాయి. అది ఇంకా ఎగురుతూనే ఉంటే, ఇంత దిగులు మనసులో పెట్టుకుని ఎలా ఎగురుతుంది అని ఇంకో భయం.

నాలుగు రోజులు పోయాక, ఆదివారం కాకుండానే, వీడియో కాల్ వచ్చింది. చెల్లె వెనక ఉత్త గోడ. కళ్ల కింద నలుపు. “మంచిగున్న. మీరు మంచిగున్నరా? తిన్నరా?” అని పాఠం అప్పజెప్పినట్టు అంది. పక్కన ఎవరో ఉన్నారని నాకు అర్థమైంది. లేచి తలుపు గడియ పెట్టాను.

ఆ తర్వాత దాని గొంతు ఆగింది, పెదాలు కదిలాయి. డబ్బా పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డ పిల్లలాగే. బాపు ఫోనును చేతికి అందేంత దూరం జరిపి పట్టుకున్నాడు, సాంచాల మీదుగా చూసినట్టు. నేను ఆయన భుజం మీద నుంచి చదివాను.

నన్ను ఎవ్వలు అడగలె. కని అందరికి తెలుసు. ఎక్స్‌ట్రా అందరికి బంద్ చేసిండ్రు, ఆ ఒక్క ఛాన్స్ గూడ. రాజు మనవడి చెక్ ముందే అయిపోయింది, ఆయన పాసైండు. రేపు నా చెక్. నాకు ఇమానం కిందికి దించుడు సరిగ్గ వస్తలేదు. రేపు ఫెయిలైతే ఇగ అంతే. చివరికి దాని పెదాలు, బాపు, భయమైతుంది, అన్నాయి.

బాపు అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా అదిమాడు. పోగు తెగేటట్టు ఉన్నప్పుడు తొందరపడకు అని షెడ్డులో చేసే సైగ అది. చెల్లె కూడా అదే సైగ చేసింది. తర్వాత పైకి “సరే అక్కా, ఉంట,” అని పెట్టేసింది.

ఆ సాయంత్రమే టీవీలో చెప్పారు. శిక్షణలో ఇకమీదట ఎవరికీ అదనపు అవకాశం ఉండదట, అందరూ సమానమేనట. చర్చలో కూర్చున్నవాళ్లు మొదటిసారి ఒకరినొకరు మెచ్చుకున్నారు. సందులో చప్పట్లు మోగాయి. మామ పేడా మిఠాయి డబ్బా పట్టుకుని పరుగున వచ్చాడు. తను చేసిన పాపం పుణ్యమైందని ఆయన మొహమంతా వెలుగు. “మన బిడ్డ గెలిచింది బావా. రాజుకో లెక్క, మనకో లెక్క ఇగ లేదు,” అని బాపు నోట్లో తన చేత్తో పేడా పెట్టాడు. బాపు నమిలాడు. నాకూ పెట్టాడు. రేపు దాని గతి ఏమిటో చెప్తే ఆ మనిషి ఏమైపోతాడోనని నోరు మెదపలేదు. చెప్తే మళ్లీ ఏ గ్రూపులోకి పోతుందోనని కూడా. మింగుడుపడక, ఆయన వెళ్లాక గిన్నెలు కడిగే చోట ఉమ్మేశాను.

మర్నాడు ట్యూషన్‌కు పోలేదు. బాపు షెడ్డుకు పోలేదు. వంట చేశాను, ఎవరూ తినలేదు. ఎక్కడ చిన్న చప్పుడైనా అది విమానమేమోనని చేతిలో పని ఆపేసేదాన్ని. మధ్యాహ్నం ఫోను మోగింది. బాపు వేలు అలవాటుగా స్పీకర్ మీదికి పోయింది. పోయి ఆగింది. ఫోను ఎత్తి నా చేతికి ఇచ్చాడు. నేను చెవికి పెట్టుకున్నాను.

“దించిండ్రక్కా,” అంది చెల్లె. “ఇగ నేల మీది పని ఇస్తరట. బాపుకు నువ్వే చెప్పు.”

“దెబ్బలేం తాకలె గదా?”

“తాకలె.” కాసేపు ఏడ్చింది. “ఇంకొక్కసారి ఇస్తే వచ్చేది అక్కా. నిజంగ వచ్చేది.”

ఇక అది పైకి పోదు, పడిపోదు. నా మనసులోకి ముందు వచ్చింది ఆ నిమ్మళమే. ఆ నిమ్మళం మీద నాకే అసహ్యం వేసింది. అది ఏడుస్తుంటే నేను వింటూ నిలబడ్డాను. ఊరుకో అని కూడా అనలేదు, ఆ మాట బయటికి వినపడుతుందని.

ఫోను పెట్టేశాక బాపు నా మొహంలోకి చూస్తూ ఉన్నాడు. పెదాలతోనే చెప్పాను. దించిండ్రు. నేల మీది పని. మంచిగనే ఉన్నది, ఏడ్చింది. ఆయన చివరిదాకా చదివి, అర్థమైందన్నట్టు తల ఊపి, గోడకు ఆనుకున్నాడు. ఒళ్లో ఉన్న అరచెయ్యి కిందికి తిరిగి మెల్లగా అదుముతూ ఉంది. ఎవరికి చేస్తున్నాడో ఆయనకే తెలియాలి.

బయట నుంచి అత్త కేకేసింది. “బిడ్డేనా? ఏమన్నది?”

నా ఎరుకలో మా ఇంటి ఫోన్లో ఏం వచ్చిందని ఆ సందులో ఒకరు అడగడం అదే మొదటిసారి. బాపుకు ఆ మాట వినపడలేదు. నేను పెదాలతో అందించాను. ఆయన లేచి గుమ్మం దాకా పోయి, సాంచాల మీదుగా అరిచే తన గొంతుతో సందంతా వినేటట్టు చెప్పాడు.

“మంచిగున్నదట.”