తోతాపురి బండ్ల వరస

నాకు ఎక్కడా నిలకడ లేదు. శ్రీ సిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని. తెల్లారకముందే కంపెనీ బస్సు, లోపలికి పోగానే గోడ మీద ఎర్రంకెల్లో ఆ గంటకు బిగించాల్సిన ఫోన్ల లెక్క. అది చూసీ చూసీ ఇంట్లో అన్నం కూడా ఎవరో తరుముతున్నట్టే తింటాను. అలిపిరి మెట్లెక్కేటప్పుడు కూడా ముందున్న వాళ్లందరినీ దాటుకుంటూ పోతాను, స్వామి ఎక్కడికో వెళ్లిపోతున్నాడన్నట్టు. మా ఆవిడ కిందనుంచి పిలిచినా ఆగను. ఇంత పరిగెత్తీ ఏం సాధించానయ్యా అంటే, నా తర్వాత చేరినవాళ్లు లైన్ లీడర్లయ్యారు, నేను కాలేదు. ఆ కడుపుమంట చాలా కాలంగా ఉంది.

పోయిన మామిడి కాలంలో ఆ పోస్టుకు మళ్లీ పరీక్ష పెట్టారు. సరిగ్గా ఆ వారమే మా నాయనకు కంట్లో శుక్లం తీశారు. తోటలో తోతాపురి కోయించి ట్రాక్టరుకు ఎత్తించాడు గానీ, దాన్ని చిత్తూరు దగ్గరి జ్యూస్ ఫ్యాక్టరీకి తోలుకుపోయే మనిషి లేడు. పరీక్షకు ఇంకా రెండు రోజులుంది కదా, ఒక్క పూటలో దించేసి వస్తానని నేనే బయల్దేరాను.

ఫ్యాక్టరీ ముందు రోడ్డు పక్కన కనుచూపు మేర ట్రాక్టర్లే. జనం బండ్ల నీడన తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు, కొందరు పేకాడుతున్నారు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా గేటుకూ బండికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు అడిగినా వాచ్‌మన్ ఒకటే మాట, వరసలో రండి అని. ఆ రోజంతా అలాగే పోయింది. రేపు ఈ పాటికి దించకపోతే పరీక్ష పోయినట్టే.

మర్నాడు మధ్యాహ్నానికి నా ముందు ఒక్క బండి మిగిలింది. హమ్మయ్య అనుకునేలోగా వెనకనుంచి ఒకావిడ వచ్చింది. పుత్తూరు వైపు పల్లెట, మొగుడితో కలిసి కాయ తెచ్చుకుంది. మా కాయ మెత్తబడతా ఉండాది, కాస్త ముందుకు పోనిస్తావా అని అడిగింది. ఆ వరసలో అది పద్ధతంట. మెత్తబడిన కాయను గేటు దగ్గర తిప్పి పంపేస్తారు కాబట్టి, అలాంటి బండి వస్తే ముందువాళ్లు తప్పుకుంటారు. నా వెనకవాళ్లంతా తప్పుకున్నారు కూడా. తోట పని ఏనాడూ పట్టించుకోనివాణ్ని, నాకేం తెలుసు? నాకు రేపు పరీక్ష ఉందక్కా, వరసంటే వరసే అని కసురుకున్నాను.

ఆవిడ వాదించలేదు. మా ట్రాలీలోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. ఇంకో చేతిలో వాళ్ల కాయ పెట్టింది. నొక్కి చూడమంది. వాళ్ల కాయలో బొటనవేలు దిగబడింది.

"నీది ఇంకా గట్టిగా ఉండాది తమ్ముడూ. ఆగుతాది. మాది ఈ పొద్దు దాటితే పశువులకే," అంది.

ఇక ఏమనను? నోట్లోనే తిట్టుకుంటూ ట్రాక్టరు వెనక్కి తీశాను. నా ముందున్న బండి లోపలికి పోయింది, దాని వెనక ఆవిడ బండి పోయింది. అంతే, వాచ్‌మన్ గేటు మూసేశాడు. ఈ రోజుకు చాలంట. నా ముక్కు మీదే మూసినట్టయింది. ఒళ్లు మండిపోయి టైరును ఒక్క తన్ను తన్నాను, కాలే నొప్పెట్టింది. మంచితనానికి పోయి పోస్టు పోగొట్టుకున్నానే అని ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం ఖాళీ ట్రాలీతో ఆవిడా మొగుడూ బయటికొచ్చారు. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడే దిగి వచ్చింది. నువ్వు పొయ్యి పరీక్ష రాసుకో, నీ బండి కాడ మేముంటాం, రేపు మా ఆయన లోపలికి తోలి దించేస్తాడు అంది. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో ట్రాక్టరెట్లా పెట్టేది? మా నాయనకు ఫోన్ చేశాను. ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఊరు, ఇంటిపేరు, చుట్టరికాలు అన్నీ కదిలించింది. నిమిషంలో ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎవరో తేలారు.

"తాళం ఆయమ్మ చేతికిచ్చి పోరా," అన్నాడు మా నాయన.

తాళమిచ్చి, ఆవిడ ఫోన్ నంబరు తీసుకుని, అందిన బస్సు పట్టుకుని పోయి మర్నాడు పరీక్ష రాశాను. కంప్యూటర్లో రాసేది కాబట్టి ఫలితం అప్పుడే చెప్పేశారు. రాలేదు. ఈసారీ రాలేదు. మా ఫోన్ల ఫ్యాక్టరీ బయట ఎండలో నిలబడి, కనీసం కాయైనా దిగిందో లేదో అని ఆవిడకు ఫోన్ చేశాను. ఇప్పుడే లోపలికి పోయింది, ఒక్క కాయా చెడలేదంది. పొద్దున మొదటి బండి మాదే కదా, మధ్యాహ్నం దాకా ఏం చేశారని గట్టిగానే అడిగాను.

"తెల్లార్తో ఇంకో రెండు మెత్తకాయ బండ్లు వచ్చినాయి తమ్ముడూ. నీది గట్టికాయ గదా, వాళ్లను పోనిచ్చినా," అంది, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

తిండీ నిద్రా మానుకుని నేను కాపలా కాసిన చోటు, నన్నడగకుండానే ఇంకెవరికో ఇచ్చేసింది. కోపం నషాళానికంటింది. కానీ తిట్టడానికి కారణం కావాలి కదా, కాయ లోపలికి పోయె, ఒక్కటీ చెడలేదాయె. ఇంతలో ఆవిడే అడిగింది, పరీక్ష ఏమైందని. పోయిందక్కా అన్నాను. మళ్లా ఎప్పుడు పెడతారంది. ఏడాదికి పెడతారేమో అన్నాను.

"నువ్వూ ఆగుతావులే," అంది.

ఇంట్లోవాళ్లుగానీ, కంపెనీవాళ్లుగానీ, చివరికి నేనుగానీ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చాను.