తుప్పు రాలగొట్టే అవ్వల ఫొటోలు

కొరియాలో బుసాన్ రేవును ఆనుకున్న యోంగ్‌దో దీవిలో, ఓడలు బాగుచేసే సందులో గ్యోంగ్‌రాన్‌కు చిన్న ఫొటో దుకాణం ఉండేది. ఇరవై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫొటోలే. "గడ్డం కొంచెం దించండి, కదలకండి" అనే మాటంటే నలభై ఆరేళ్లు వచ్చేసరికి ఆమెకే వెగటు పుట్టింది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఊరుకునేవి కావు. రేవులో సుత్తుల మోత మొదలైతే పనిమీద మనసు నిలిచేది కాదు.

ఓడ పొట్టకు పట్టిన తుప్పును సుత్తితో రాలగొట్టేది ఆడవాళ్లే. ఇక నలుగురే మిగిలారు. వాళ్ల బతుకును ఫొటోల్లో కథగా చెప్పాలని ఆ చలికాలం గ్యోంగ్‌రాన్ మధ్యాహ్నాలు దుకాణానికి తాళం వేసి వెళ్లింది. తొమ్మిది వందల ఫొటోలయ్యాయి. గ్రంథాలయం వాళ్లు ప్రదర్శనకు ఇస్తామన్న గోడకు పన్నెండే పడతాయి. ఏరింది, నేలమీద పరిచింది, మార్చింది, మళ్లీ మార్చింది. దేనికదే బాగుంది. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడవు. అన్నం ముందు కూర్చుని సగంలోనే లేచిపోయేది.

చివరికి ఆ నలుగురిలో ఒకరైన పిల్‌న్యో అవ్వను పిలుచుకొచ్చింది. డెబ్బై మూడేళ్ల మనిషి. సుత్తుల మోతకు చెవులు పోయాయి, గట్టిగా అరిస్తేనే వినిపిస్తుంది.

అవ్వ నడుంమీద చేతులేసుకుని నేలమీది ఫొటోలు చూసింది. "ఏమే, మేమంతా పోయామనుకున్నావా? దండలెయ్యడమే తక్కువ."

"ఫొటోలో నువ్వు బాగానే పడ్డావు కదవ్వా" అని అరిచింది గ్యోంగ్‌రాన్.

"పడ్డాలే. పని ఏదీ? సుత్తి పట్టుకున్నదాన్ని కదలొద్దంటే ఎట్టా?"

గ్యోంగ్‌రాన్ ముఖం మాడిపోయింది. వద్దని పక్కన పడేసిన ఫొటోల పెట్టె తెచ్చి, కోపంగానే అవ్వ ముందు కుమ్మరించింది. తుప్పు పొడిలో ముఖం తెలియనివి, వాళ్లు ఎక్కి పనిచేసే, తాళ్లకు వేలాడే పలక ఊగి వంకరపోయినవి, చెయ్యి అలుక్కుపోయినవి.

అవ్వ చతికిలబడి వరస పెట్టసాగింది. "ముందు పలక ఎక్కాలి. ఎక్కకుండానే అన్నం తినే ఫొటో పెట్టావేమే? ఇదిగో, ఇది భయం. కిందికి చూస్తే నాకిప్పటికీ భయమే. ఆ తర్వాత మోత. ఈ చెయ్యి చూడు, ఇదే మోత."

అది అలుక్కుపోయిన చేతి ఫొటో. గ్యోంగ్‌రాన్ తను ఏరిన పన్నెండింట్లో తొమ్మిది తీసేసి, వాటి చోట పెట్టెలోవి పెట్టింది.

మార్చిలో ఫొటోలు గోడకెక్కాయి. "ఇది కదిలిపోయిందండీ, మార్చమంటారా?" అని గ్రంథాలయాధికారి మర్యాదగా అడిగాడు.

"వద్దండీ, ఉండనివ్వండి" అంది గానీ, లోపల నిలవలేక మెట్లమీదికి వచ్చేసింది. కిటికీలోంచి చూస్తే అవ్వ తనతో పనిచేసే ఆవిడ రెక్క పట్టుకుని ఒక్కో ఫొటో ముందుకీ లాక్కెళుతోంది. "ఇది నేనే. అదీ నేనే" అంటున్న గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

గ్యోంగ్‌రాన్‌కు నవ్వొచ్చింది. తను మొదట ఏరినవాటిలో మిగిలిన ఆ మూడు ఫొటోలూ తీసేసి ఉండాల్సిందనుకుంటూ, కెమెరా భుజాన వేసుకుని రేవు వైపు నడిచింది.