నోట్లో దూది ఉన్నప్పుడు

వీధి చివరి పళ్ల డాక్టరుగారు మనుషుల మాటలు నమ్మరు. అందుకే ఏదైనా అడగాలనుకుంటే ముందు నోట్లో దూది కుక్కుతారు. ఈసారి సంగీతోత్సవంలో ఎవరెవరు పాడతారో ఇంకా ప్రకటించలేదు. ఆ ఆలస్యం వెనక కూడా ఎవరిదో హస్తం ఉందని ఆయన అనుమానం. "ఏటా వచ్చే ఆ గాయని ప్రతిపక్షం సభలో పాడింది కదండీ, రానిస్తారంటారా?" అంటూ రోగి ముఖం మీదికి దీపం వంచి, మాస్కు పైనుంచి కళ్లు చికిలించి చూస్తారు. నోరు తెరుచుకుని పడుకున్నవాడు ఏం చెబుతాడు, పాపం! కనుబొమ్మ కాస్త కదిలిందో, "అనుకున్నా" అని మళ్లీ పన్ను మీద పడతారు. ఆ లెక్కన మందుల షాపతనూ, సొంత బావమరిదీ ఎప్పుడో అవతలి పార్టీలో తేలారు. బావమరిదితో మాటలు కూడా మానేశారు.

మొన్న ఆయన దవడే వాచింది. భార్య కూడా పళ్ల డాక్టరే. ఆయన్ని అదే కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, దీపం వంచింది. "ఏమండీ, ఆవిడ వస్తోందట" అని, పని చేసుకుంటూనే ఆ గాయని పాట కూనిరాగం తీసింది. ఆయన కనుబొమ్మలు కదలనీకుండా బిగించి కళ్లు గట్టిగా మూసుకున్నారు. డాక్టరమ్మ మాత్రం ఆయన ముఖం వైపు చూడనే లేదు. కుర్చీ చివర ఆయన కాలి బొటనవేలు తాళం వేస్తోంది.

"మా తమ్ముడితో కలిపి మూడు టికెట్లు తీసుకుంటాను" అందామె. "మీరేం మాట్లాడకండి, దూది ఊడుతుంది."