పాత చోటు చెరిపిన ఉదయం

నాది అనుమానపు బుద్ధి. చేపల బజారులో ప్రతి చేపకూ మొప్పలెత్తి చూసి, అమ్మే ఆవిడ చేత నాలుగు తిట్లు తిన్నాకే కొంటాను. "అనుమానం పెనుభూతం అంటారు. నేను దాంతోనే కాపురం చేస్తున్నాను" అని మా ఆవిడ చుట్టాలను నవ్విస్తుంటుంది. అలాంటివాడికి కొత్తగా రాసిన కోడ్ ఎనిమిది పరీక్షలూ మొదటిసారే పాసయిందని చెబితే ఎలా నమ్ముతాడు?

మా ఆఫీసు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన రెండో అంతస్తులో ఉంది. పోర్టులో బొగ్గు మోసే బెల్టులను నడిపే కంట్రోలర్ పెట్టెలకు మేము సాఫ్ట్‌వేర్ రాస్తాం. బెల్టు పొడవునా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎవరి చెయ్యయినా ఇరుక్కుంటే పక్కవాడు ఆ తాడు లాగాలి, బెల్టు ఆగాలి. తాడు లాగగానే పెట్టెను నడిపించే మూల ప్రోగ్రాము, అంటే కెర్నెల్, చేస్తున్న పని వదిలేసి ఒక చిన్న కోడ్ ముక్క దగ్గరికి పరుగెడుతుంది. దాన్ని హ్యాండ్లర్ అంటాం. తాడులాంటి పిలుపులు మొత్తం ఎనిమిది; ఏ పిలుపు వస్తే మెమరీలో ఏ చోటికి వెళ్లాలో ఒక పట్టికలో రాసి ఉంటుంది.

కొత్త సెన్సార్లు వచ్చాక, వాటి అంకెలు దాచడానికి హ్యాండ్లర్లు ఉన్న చోటు కావలసివచ్చింది. హ్యాండ్లర్లన్నిటినీ వేరే చోటికి మార్చి, పట్టికలో కొత్త చిరునామాలు రాసే పని నా పక్క సీటతనికి పడింది. అతను రోజూ పద్మనాభం నుంచి బండి మీద వచ్చేవాడు. వెనక తమ్ముడు కూర్చునేవాడు. అతణ్ని పోర్టు గేటు దగ్గర దింపి ఆఫీసుకొచ్చేవాడు. ఆ తమ్ముడి పని బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తడం. మేము రాస్తున్నది సరిగ్గా ఆ బెల్టుకే.

మూడు రోజుల్లో ముగించాడు.

"అయిపోయింది బావ. అన్నీ పాస్."

"ఒక్కటీ ఫెయిలవనేదా?"

"అవనేదు. ఏటి, అవ్వాలా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఐదు కొట్టగానే బ్యాగు సర్దుకోవడం అంతకన్నా నచ్చలేదు. తమ్ముణ్ని ఎక్కించుకోవాలంటాడు గానీ, పని ఎగ్గొట్టడానికి మంచి సాకు దొరికిందనుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడేమోనని, టీ కొట్టు దగ్గర "పరీక్షలు నిజంగా నడిపినావా?" అని అడిగాను. తడుముకోలేదు. "నడిపినాను బావ" అని టీ తాగాడు. అంత నింపాదిగా ఉండడం మరీ అనుమానంగా తోచింది.

ఇంటికి వెళ్లే దారిలో ఒక సంగతి తట్టింది. మార్చడం అంటాం గానీ, నిజానికి చేసేది నకలు తీసి కొత్త చోట పెట్టడమే. చెరిపేదాకా పాతది అక్కడే ఉంటుంది. పట్టికలో ఒక చిరునామా మార్చకుండా వదిలేసినా కెర్నెల్ పాత చోటికి వెళ్తుంది, పాత కోడ్ నడుస్తుంది, పరీక్ష పాసవుతుంది. పెట్టె పోర్టుకు వెళ్లి, సెన్సార్ల అంకెలు ఆ చోటంతా నింపేసిన రోజున మాత్రం తాడు లాగినా బెల్టు ఆగదు.

మర్నాడు అతను రాకముందే వెళ్లి పాత చోటంతా చెత్త అంకెలతో నింపాను. బెంచి మీద ఒక చిన్న మోటారు, తాడు కట్టిన ఒక స్విచ్చి ఉంటాయి. ఏడు పిలుపులూ బాగానే పలికాయి. ఎనిమిదోది తాడు. లాగాను. కెర్నెల్ బిగుసుకుపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు కలిగింది సంతోషం. దొరికాడు అనుకున్నాను. ఆ తమ్ముడు గుర్తుకొచ్చింది తరవాతే. వెంటనే మేనేజరును పిలుచుకొచ్చాను.

అంతలో పక్క సీటతను హెల్మెట్ తియ్యకుండానే వచ్చి తాడు రెండుసార్లు లాగి చూశాడు. పట్టిక తెరిస్తే తాడు వరుసలో పాత చిరునామాయే ఉంది.

"నాను మార్సినాను" అన్నాడు.

"మార్సితే ఇదేటి మరి?" అన్నాను, మేనేజరుకు వినబడేలా.

అతను పెట్టెను ఆపి, మళ్లీ వెలిగించి, పట్టికనే కనిపెట్టుకుని కూర్చున్నాడు. మొదట కొత్త చిరునామా కనబడింది. అంతలోనే ఏదో వచ్చి దాన్ని పాతదిగా మార్చేసింది. పెట్టె మొదలయ్యేటప్పుడు నడిచే ఒక ఫైలు ఆ పని చేస్తోంది. తెరిచాడు. తాడు హ్యాండ్లర్ పాత చిరునామా అందులో నేరుగా అంకెల్లో రాసి ఉంది. ఫైలు పై వరుసలో రాసినవాడి పేరు ఉంది. అది నా పేరు. రెండేళ్ల కిందట, తరవాత సరిచేద్దాంలే అనుకుని తొందరలో పెట్టిన అంకె అది.

మేనేజరు స్క్రీన్ వైపు వంగాడు. పక్క సీటతను చటుక్కున ఫైలు మూసేసి, "తప్పు మా ఇద్దరిదీ సార్. మద్దేనానికి సరిసేసేత్తాం" అన్నాడు.

మేనేజరు వెళ్లిపోయాక ఆ ఫైలు ముందే ఎందుకు చూడలేదని అడిగాను.

"నువ్వు రాసిందని తెరవనేదు బావ."

మధ్యాహ్నానికి సరిచేశాం. పాత చోటు చెరిపి, సాయంత్రం దాకా తాడు లాగుతూనే ఉన్నాం. లాగిన ప్రతిసారీ మోటారు ఆగింది. పెట్టె పోర్టుకు వెళ్లింది. ఐదు కొట్టగానే అతను ఇప్పుడూ బ్యాగు సర్దుకుంటాడు. నన్ను ఇప్పటికీ బావ అనే పిలుస్తాడు. కానీ నేను రాసిన ఫైలు ఏదొచ్చినా తెరుస్తాడు. మొన్న అతని వెనక నిలబడి, "ఏటి సూత్తన్నావ్?" అన్నాను, తెలియనట్టు.

"తమ్ముడున్నాడు కదా బావ" అని, మళ్లీ మొదటి వరుస నుంచి చదవసాగాడు.