మెట్ల మీద కూర్చోబెట్టిన తొమ్మిదో నిబంధన

సొంత ఇంటి సంఘం సమావేశంలోంచి తనను తానే గెంటించుకున్న మొగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. అదీ చప్పట్ల మధ్య.

కేజీఎఫ్‌లో బంగారు గనులు నడిచినన్నాళ్ళూ కంపెనీ ఇళ్ళలో ఉన్నాం. కుళాయి కారితే కంపెనీ మనిషి వచ్చేవాడు. గనులు మూతపడ్డాక అందరం కలిసి ఒకే అపార్టుమెంటులో ఫ్లాట్లు కొనుక్కున్నాం. అక్కడ మాకు దొరికినవాడు మునిరత్నం. బిల్డరు బామ్మర్ది. అసోసియేషన్‌కు ప్రెసిడెంటు ఆయనే, మేనేజరూ ఆయనే, మోటారు గది తాళంచెవీ ఆయన నడుముకే. ఆయన్ను ఎవరు ఎన్నుకున్నారండీ? ఒక్కరూ ఎన్నుకోలేదు!

ఆయన నిద్ర లేచాకే నీళ్ళు. ఆస్పత్రిలో నర్సుగా చేసే మా ఆవిడ స్టెల్లా డ్యూటీకి పోయే ముందు కింది సంపులోంచి బిందెలు మోసేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు పోయి నిలదీశాను.

"ఏమప్పా, నీళ్ళు యాడ?"

"మోటారు వేడెక్కింది సార్. ఇంగ కొంచెం చల్లారనీండి."

"ఎయ్యకుండానే వేడెక్కిందా? మీటింగు పెట్టు, తేల్చుకుందాం!"

"ప్రెసిడెంటు పిలిస్తేనే గదా సార్ మీటింగు. ప్రెసిడెంటుకు తీరిక లేదు."

ఎంత పొగరో చూడండి! కట్టినవాడి బామ్మర్ది కొన్నవాళ్ళ నెత్తిన కూర్చుంటే అడిగే దిక్కులేదా? గని ఆఫీసులో గుమాస్తాగా జీవితమంతా రూల్సు టైపు కొట్టినవాణ్ణి నేను. అసోసియేషన్ నిబంధనలన్నీ ముందేసుకుని తిరగరాశాను. అన్నిట్లోకీ నాకు ముద్దొచ్చింది తొమ్మిదోది: "ఫ్లాటు ఎవరి పేరున రిజిస్టరైందో వారికి తప్ప ఇంకెవరికీ సమావేశంలో కూర్చునే, మాట్లాడే, వోటేసే హక్కు లేదు. బంధువులకు అసలే లేదు." మునిరత్నం ఉంటున్న ఫ్లాటు బిల్డరు పేరునే ఉందని మా అందరి నమ్మకం. ఈ దెబ్బతో ఆయన బయటికి పోవాల్సిందే.

మొగాళ్ళమంతా మూకగా పోయి ఆయన తలుపు బాదితే మీటింగు పెట్టక తప్పలేదు. తొమ్మిదో నిబంధనకు అందరికన్నా ముందు చెయ్యెత్తింది మునిరత్నమే. నవ్వుతూ ఎత్తాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే పెళ్ళికొడుకులా నమస్కారాలు పెడుతూ తిరిగాను.

ఆ తర్వాతి మీటింగులో కొత్త ప్రెసిడెంటు ఎన్నిక. మునిరత్నం పత్రాలు బల్ల మీద పెట్టాడు.

"నా ఫ్లాటు నా పేరునే ఉండాది సార్. మా బావ పోయినేడే రాసిచ్చినాడు. మీది ఎవరి పేరున ఉండాది?"

నేను గబగబా నా నిబంధనల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మీకొక సంగతి చెప్పాలి, రూలు రాసే ఊపులో మాలో ఒక్కడికీ గుర్తురాని సంగతి. గని మూసి సెటిల్‌మెంటు చేతికొచ్చినప్పుడు మా ఊరి ఆడవాళ్ళు ఒకే పట్టు పట్టారు. "దుడ్డు మీ చేతిలో ఉంటే సారాయంగడికి పోతాది. ఇల్లు నా పేరున రాయాల్సిందే" అన్నారు. "నేను తాగను గదా" అంటే, "తాగరు, అడిగినోళ్ళకంతా జామీను సంతకాలు పెడతారు" అంది స్టెల్లా. అలా ఆ అపార్టుమెంటులో ఆడదాని పేరున లేని ఫ్లాటు మునిరత్నానిది ఒక్కటే!

"తొమ్మిదో నిబంధన సార్" అని తలుపు చూపించాడు మునిరత్నం. మొగాళ్ళమంతా లేచి మెట్ల మీద వరసగా కూర్చున్నాం. పక్కింటి డేవిడ్ నావైపు కాల్చేసేలా చూశాడు.

"ఎవరప్పా ఈ రూలు రాసినోడు?"

నేను చెప్పుల వంక చూసుకున్నాను.

ఆడవాళ్ళయితే తన మాట వింటారనుకుని మునిరత్నమే వాళ్ళను పిలిపించాడు. వాళ్ళు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. కాసేపు స్టెల్లా గొంతు, ఆపైన అందరి గొంతులు, చివరికి ఒకటే నవ్వులు. తలుపు తెరుచుకుంది. మునిరత్నం నడుము బోసిగా ఉంది. తాళంచెవి ప్రెసిడెంటు స్టెల్లా కొంగుకు వేలాడుతోంది!

నేను ఛాతీ విరుచుకుని లేచాను. "చూసినారా నా సవరణ! ఇంగ పైన పత్రాలు చూడకుండా ఒక్క నిబంధన కూడా రాయనని అందరి ముందూ ప్రమాణం చేస్తా ఉండాను. మినిట్స్‌లో రాసుకోండి!"

స్టెల్లా పుస్తకం మూసేసింది. "మెంబరు కానోళ్ళ మాట మినిట్స్‌లో రాయకూడదండీ. పోయి మోటారు ఎయ్యండి."